తాళం చెవి తిరిగి ఇచ్చేస్తే నమ్మకద్రోహం అవుతుందా?

పేరు వెల్లడించవద్దని కోరుతూ ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆయన వయసు 43. పదకొండేళ్లుగా తమ సంఘానికి కోశాధికారి. ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు బయలుదేరే వేళకు ఆయన వెనుక గదిలో కానుకల సంచిని బల్ల మీద బోర్లించి లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఆ బాధ్యత తీసుకున్న రోజున సంఘంలో నలభై కుటుంబాలు. ఇప్పుడు రెండు వందలు దాటాయి. లెక్కపెట్టే మనిషి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్కరే. పెట్టె తాళం చెవీ ఒక్కటే, అది ఆయన దగ్గరే ఉంటుంది.

గత ఏడాది మందిర నిర్మాణ నిధి నుంచి పాస్టరుగారు రెండుసార్లు డబ్బు తీసుకున్నారు. రశీదు లేదు, కమిటీ తీర్మానం లేదు. "అవసరం అలాంటిది, తరువాత సర్దుదాం" అన్నారట. ఈయన రెండు చీటీల మీద మొత్తం, తేదీ పెన్సిలుతో రాసుకుని పెట్టె అడుగున ఉంచారు. ఇప్పుడు వార్షిక లెక్కలు సంఘం ముందు చదవాలి. ఆ రెండు మొత్తాలనూ పరిచర్య ఖర్చుల కింద చూపించమని పాస్టరుగారు చెబితే ఈయన తల ఊపి వచ్చేశారు. ఆ రాత్రి నుంచి సరిగా నిద్ర లేదు.

ఇంట్లో పరిస్థితి మరోలా ఉంది. భార్య ఈ విషయమై మాట్లాడటమే మానేశారు. పన్నెండేళ్ల కూతురు మాత్రం ఒక రోజు భోజనాల దగ్గర, "నాన్న ఇంట్లో ఉన్నా లెక్కపెడుతూనే ఉంటారు" అందట. పదవి వదిలేద్దామనుకుంటున్నానని చూచాయగా చెబితే, నాగటి మీద చెయ్యి పెట్టి వెనుకతట్టు చూసేవాడు దేవుని రాజ్యానికి పాత్రుడు కాడని పాస్టరుగారు వాక్యం గుర్తుచేశారు. వీటన్నిటికీ మించి తల్లి మాట వెంటాడుతోంది. పసివాడిగా ఉన్నప్పుడు ప్రాణం మీదికి వచ్చిన జ్వరం తగ్గితే బిడ్డను దేవుని సేవకు ఇస్తానని ఆమె మ్రొక్కుకున్నారు. కన్నుమూసే ముందు, "అప్పగించిన పని విడిచిపెట్టకు" అన్నారు. ఉత్తరం చివర ఆయన ప్రశ్న ఇది: "నేను నమ్మకమైన దాసుడిని అనిపించుకోవాలంటే ఉండాలా, వెళ్లాలా? అలసిపోయి వెళ్తానంటున్నానా, భయపడి వెళ్తానంటున్నానా? నాకే తెలియడం లేదు."

సోదరా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే మాట దగ్గర ఆగిపోయాను. పెన్సిలు. పదకొండేళ్లుగా చిట్టా అంతా పెన్నుతో రాసే మనిషి ఆ రెండు చీటీలకు మాత్రం పెన్సిలు ఎందుకు తీసుకున్నారు? తప్పు పట్టడానికి అడగడం లేదు. అవి చెరపవలసి రావచ్చని మీ చేతికి ముందే తెలిసింది, మనసు ఒప్పుకోవడానికి మాత్రం ఏడాది పట్టింది. కాబట్టి అలసటా, భయమా అన్న ప్రశ్నకు నా జవాబు, రెండూ అని. అలసట పదకొండేళ్లది, భయం ఏడాదిది. రెండూ నిజమే, అయినా రెంటికీ మందు ఒకటి కాదు. మీరు వాటితోపాటు అమ్మ మ్రొక్కుబడిని కూడా ఒకే మూటలో కట్టి ఉండాలా, వెళ్లాలా అని అడుగుతున్నారు. ఆ మూట విప్పకుండా ఏ జవాబు చెప్పినా పొసగదు.

ముందు అమ్మ సంగతి, ఎందుకంటే మిమ్మల్ని అన్నిటికన్నా గట్టిగా కట్టిపడేసింది అదే. బైబిలులో ఇలాంటి తల్లి ఒకరున్నారు, హన్నా. బిడ్డ పుడితే యెహోవాకు ఇస్తానని మ్రొక్కుకుంది, పాలు మాన్పించాక సమూయేలును షిలోహులోని మందిరానికి తీసుకెళ్లి అప్పగించింది. ఈ కథ మనం సండే స్కూలు వయసు నుంచీ వింటున్నాం. కాని అక్కడ ఒక విషయం మీద మన ప్రసంగాలు ఎక్కువగా నిలవవు. హన్నా బిడ్డను అప్పగించింది యెహోవాకు, యాజకుడైన ఏలీకి కాదు. పిల్లవాడు ఉండేది ఏలీ దగ్గరే, పని నేర్చుకునేది ఏలీ దగ్గరే, రాత్రి పిలుపు వినబడితే పరుగెత్తిందీ ఏలీ దగ్గరికే. అంత విధేయుడు. అయినా దేవుడు ఆ పిల్లవాడికి అప్పగించిన మొట్టమొదటి వర్తమానం ఏలీ ఇంటివారికి వ్యతిరేకమైనది. ఏలీ కుమారులు జనం తెచ్చే అర్పణల మీద చెయ్యి వేస్తుంటే తండ్రికి తెలిసీ అడ్డుకోలేదన్నది అందులోని సంగతి.

ఇక మీరు జాగ్రత్తగా చదవవలసినది మొదటి సమూయేలు మూడో అధ్యాయంలో 15వ వచనం. ఆ మాట విన్న తరువాత పిల్లవాడు తెల్లవారేదాకా పడుకున్నాడు. లేచి ఏం చేశాడు? రోజూలాగే మందిరపు తలుపులు తీశాడు. విన్నది ఏలీకి చెప్పడానికి భయపడ్డాడని కూడా అక్కడే రాసి ఉంది. తలుపులు తీసే పని చేతిలో, చెప్పవలసిన మాట గొంతులో, మధ్యలో భయం. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ తెల్లవారుజామే కళ్ల ముందు కదిలింది. చివరికి ఏలీ స్వయంగా పిలిచి, ఏదీ దాచవద్దని అడిగాక సమూయేలు అంతా చెప్పాడు. ఏలీ కోప్పడలేదు. సెలవిచ్చినవాడు యెహోవా, తన దృష్టికి ఏది మంచిదో ఆయన అదే చేస్తాడని తల వంచాడు. మీ పాస్టరుగారు ఏలీ అంతటి పెద్దమనసు చూపిస్తారో లేదో నేను చెప్పలేను. ఆయన ఏలీ కుమారులవంటివారని అనడం అంతకన్నా లేదు, అది అనడానికి నా దగ్గర ఆధారం లేదు, మీ దగ్గరా లేదు. నేను చెప్పేది సమూయేలు గురించి. ఆ అధ్యాయం చివర సమూయేలు ప్రవక్తగా స్థిరపడ్డాడని దాను మొదలు బెయేర్షెబా వరకు, అంటే దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా, అందరూ తెలుసుకున్నారని ఉంది. అక్కడి హెబ్రీ మాటకు నమ్మదగినవాడు అనే అర్థం కూడా ఉంది. మనం ప్రార్థన చివర పలికే ఆమెన్ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. ఆ పేరు అతనికి తలుపులు తీసినందుకు మాత్రమే రాలేదు, ఒక్క మాటా దాచకుండా చెప్పిన తరువాత వచ్చింది.

అమ్మ మ్రొక్కుబడిని కూడా ఇదే వెలుగులో చూడండి. ఆమె మిమ్మల్ని దేవుని సేవకు ఇచ్చారు. కోశాధికారి పదవి అప్పటికి ఆమె ఊహలోనైనా ఉండదు. సమూయేలు జీవితాంతం తలుపులు తీస్తూ ఉండిపోలేదు. ప్రవక్త అయ్యాడు, న్యాయాధిపతిగా ఏటేటా బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగాడు. పని మారినా హన్నా మ్రొక్కుబడి చెల్లుతూనే ఉంది. "అప్పగించిన పని విడిచిపెట్టకు" అన్న మాటకు నేను చెప్పుకునే అర్థం, మధ్యలో పారేసి పోవద్దని. సరిగా ముగించి మరొకరి చేతిలో పెట్టడం విడిచిపెట్టడం కాదు. ఆమె ఉండి ఉంటే మీ చేతిలోని పెన్సిలు చూసి ఏమనేవారో నాకన్నా మీకే బాగా తెలుసు.

నాగలి వాక్యం గురించి ఒక్క మాట. లూకా తొమ్మిదో అధ్యాయంలో ఆ మాట యేసు ఎవరితో అన్నారో చూడండి. నిన్ను వెంబడిస్తాను గాని ముందు ఇంటివారి దగ్గర సెలవు తీసుకుని వస్తానన్న మనిషితో. అక్కడ ప్రశ్న ప్రభువును వెంబడించడమా, మానడమా అని. కమిటీ పదవీకాలం గురించి కాదు. పదవి నుంచి దిగుతానన్న ప్రతివాడి మీదా ఆ వచనం విసరడం మనవాళ్లకు అలవాటైపోయింది. దిగనివాళ్ల గురించి ఏ వచనం చెబుతారో మరి.

అలసట విషయానికి వస్తే, దేవుని సేవలో విశ్రాంతి అడగడం పాపమన్న భావన మీకు ఎక్కడ అంటుకుందో తెలియదు గాని, ధర్మశాస్త్రంలో మాత్రం అది లేదు. సంఖ్యాకాండము ఎనిమిదో అధ్యాయంలో, దేవుని సేవకు ప్రత్యేకించిన లేవీయులకు గుడారపు సేవ 25 ఏళ్లకు మొదలై 50 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తరువాత బరువు పనులు ఉండవు, సహోదరులకు తోడుగా కావలి కాయవచ్చు. అంటే విరమణ ఉంది, విరమించినవాడికి చోటు కూడా ఉంది. ఆ ఏర్పాటు చేసినవాడు మనుషుల నడుములు ఎంత బరువు మోయగలవో ఎరిగినవాడు.

ఇక మీకు కొంచెం నొప్పి కలిగించే మాట చెప్పాలి. నాలుగో పేజీలో, "నేను తప్ప ఈ లెక్కలు ఎవరికీ అర్థం కావు" అని రాశారు. ఫిర్యాదులా రాశారు గాని అందులో కొంచెం గర్వం కూడా వినిపించింది. పదకొండేళ్లలో మరొకరికి నేర్పే సమయం దొరకలేదా? లేక ఆ తాళం చెవి జేబులో ఉండటంవల్ల వచ్చే గౌరవం కూడా మీకు కాస్త తీపిగా అనిపించిందా? నేనూ ఒకప్పుడు సండే స్కూలు బాధ్యత ఏళ్ల తరబడి ఎవరికీ ఇవ్వకుండా పట్టుకున్నాను. అది భక్తి అనుకున్నాను. నేను జబ్బుపడి రెండు నెలలు వెళ్లలేకపోతే పిల్లలు నాకన్నా బాగా పాడటం నేర్చుకున్నారు. ఆ ఆదివారం తిరిగి వెళ్లి తలుపు దగ్గర నిలబడి వింటున్నప్పుడు కలిగిన సంతోషంలో సగం దుఃఖం ఉందని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

యజమానుడు ప్రయాణమై వెళ్తూ దాసులకు తన సొమ్ము అప్పగించిన తలాంతుల ఉపమానంలో అయిదు తలాంతులవాడితోనూ రెండు తలాంతులవాడితోనూ యజమానుడు అన్న మాటలు పోల్చి చూశారా? "భళా, నమ్మకమైన మంచి దాసుడా" అని మొదలయ్యే ఆ మెప్పు ఇద్దరికీ అక్షరం తేడా లేకుండా ఒకటే. ఒక తలాంతు అంటే ఆరు వేల దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే ఒక్క తలాంతే దాదాపు 20 ఏళ్ల కూలి. అలాంటివి అయిదు చేతిలో పెట్టి, తిరిగి వచ్చాక దాన్ని "కొంచెము" అంటాడు ఆ యజమానుడు. ఎంత మోశావన్నది ఆయన లెక్కలో అంత పెద్ద సంగతి కాదన్నమాట. కాని అదే ఉపమానంలో మరొక వాక్యం ఉంది. చాలా కాలం తరువాత యజమానుడు వచ్చి వారి దగ్గర లెక్క చూసుకున్నాడు. నమ్మకమైనవాడని పేరు పెట్టింది లెక్క చూశాకే.

ఇది మనల్ని ఆ రెండు మొత్తాల దగ్గరికి తెస్తుంది. పాస్టరుగారు గాని ఇంకెవరైనా గాని మీతో, నమ్మకస్థులను లెక్క అడగకూడదని అనవచ్చు. అలా అనడానికి వచనం కూడా ఉంది. రెండో రాజులు 12వ అధ్యాయంలో, మందిరపు మరమ్మతుకు డబ్బు పంచేవారు నమ్మకస్థులు గనుక వారి దగ్గర లెక్క అడగలేదని 15వ వచనం చెబుతుంది. అయితే అదే అధ్యాయాన్ని పైనుంచి చదవాలి. యోవాషు రాజు మందిరం బాగుచేయమని యాజకులకు చెప్పాడు. డబ్బు వారి చేతికే వెళ్లింది. రాజు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా బీటలు బీటలుగానే ఉన్నాయి. యాజకులు దొంగిలించారని అక్కడ లేదు, పని జరగలేదని మాత్రం ఉంది. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేయించి, బలిపీఠం దగ్గర, మందిరంలోకి వచ్చేవారి కుడి పక్కన పెట్టించాడు. పెట్టె నిండినప్పుడల్లా రాజు లేఖరి, ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవారు. రాజు మనిషి ఒకరు, మందిరపు మనిషి ఒకరు. లెక్క అడగలేదన్న 15వ వచనం ఈ ఏర్పాటంతా జరిగాక వస్తుంది. బెజ్జం పెట్టెను వదిలేసి 15వ వచనాన్ని మాత్రం పట్టుకుంటే ఎలా? పౌలుకు కూడా తన మీద తనకు నమ్మకం లేక కాదు, యెరూషలేము పేదలకోసం పోగైన విరాళాన్ని ఒంటరిగా మోయనన్నాడు. తన సహచరుడు తీతుతోపాటు సంఘాలు మెచ్చిన మనుషులను పంపాడు. ప్రభువు ఎదుటే గాక మనుషుల ఎదుట కూడా సరిగా ఉండాలన్నది ఆయన చూపిన కారణం. శిష్యుల డబ్బు సంచి మాత్రం ఒక్కరి దగ్గరే ఉండేది. అది యేసును అప్పగించిన యూదా దగ్గర ఉండేదని యోహాను రాశాడు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. పాస్టరుగారు చెప్పినట్టే రాసి సంతకం పెట్టడం ఒకటి. మీరు దీన్ని అడగలేదు గాని తల ఊపి వచ్చారు గనుక అదీ ఉన్నట్టే. దాని గురించి నేను ఎక్కువ చెప్పను, మీ నిద్ర చెబుతూనే ఉంది.

ఆరోగ్యం బాగాలేదని చెప్పి రేపే తాళం చెవి ఇచ్చేయడం మరొకటి. ఇది అన్నిటికన్నా సులువు, అందుకే మీ మనసు అటువైపు లాగుతోంది. కాని ఆ చీటీలు పెట్టెలోనే ఉంటాయి. మీ తరువాత వచ్చే అమాయకుడు వాటిని చూసి ఏం చేయాలో తెలియక పారేస్తాడు, లేదా ఎప్పుడో నిధి లెక్క కుదరక అందరూ వెతికితే ఆ ఏడాది చిట్టాలో కనబడే చేతిరాత మీది ఒక్కరిదే. పైగా వెళ్లడానికి చెప్పిన కారణం అబద్ధం. పౌలు, బర్నబాలతో సువార్త ప్రయాణానికి బయలుదేరిన మార్కు పెర్గే నుంచి మధ్యలో వెనుదిరిగినందుకు తరువాత వాళ్లిద్దరూ విడిపోయేటంత గొడవ అయింది. అతను మళ్లీ పరిచర్యకు పనికివచ్చాడని పౌలే చివరికి రాశాడు, నిజమే. అయినా అందుకు ఏళ్లు పట్టాయి.

ఉండి, పద్ధతి మార్చడం ఇంకొక దారి. ఇద్దరు లెక్కపెట్టాలి, లెక్కపెట్టిన బల్ల దగ్గరే ఇద్దరూ సంతకం చేయాలి, రశీదు లేకుండా ఏ నిధీ కదలకూడదు, మీ పదవికి ఒక ముగింపు తేదీ రాతపూర్వకంగా ఉండాలి. దీనిలో ఇబ్బంది ఏమిటంటే, "పదకొండేళ్లుగా లేని అనుమానం ఇప్పుడెందుకు?" అని అడుగుతారు. మొదటి ఏడాదే అడగవలసింది, నేను అడగలేదు, తప్పు నాదని చెప్పండి. ఆ మాట తరువాత వాదన పెద్దగా మిగలదు. ముగింపు తేదీ మాత్రం వదులుకోవద్దు. అది లేకపోతే మరో పదకొండేళ్లకు ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు.

లెక్కలు ఉన్నది ఉన్నట్టు చదివి, కొత్తవారిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు మూడు నెలలు నేర్పి, ఆ తరువాత దిగిపోవడం నాకు ఎక్కువగా మనసుకు నచ్చిన దారి. అయితే ఇది నా స్వభావానికి నచ్చినది, మీ సంఘంలో మరో సమర్థుడు ఉన్నాడో లేడో నాకు తెలియదు. దీనికీ ఖరీదు ఉంది. కొందరు మిమ్మల్ని పాస్టరుగారి విరోధి అంటారు. మరికొందరు మీ భుజం తట్టి నాయకుడిని చేయాలని చూస్తారు. ఈ రెండో రకంతో ఎక్కువ జాగ్రత్త.

ఉన్నా, వెళ్లినా పాస్టరుగారితో ఒక సంభాషణ తప్పదు. నీ సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా మాట్లాడమని మత్తయి 18వ అధ్యాయం చెబుతుంది, సంఘ పెద్ద మీద ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా ఆరోపణ తీసుకోవద్దని పౌలు తిమోతికి రాశాడు. ఈ రెండూ ఆయనను కాపాడతాయి, మిమ్మల్నీ కాపాడతాయి. ఒంటరిగా వెళ్లండి. వాక్యాలు వల్లించకండి, ఆయనకు మీకన్నా ఎక్కువ వచ్చు. ఇంత మాత్రం చెప్పండి: "అయ్యగారూ, ఆ రోజు తల ఊపాను గాని వాటిని పరిచర్య ఖర్చులుగా రాయలేను. మీరు తీసుకున్నట్టే రాస్తాను. దేనికి వాడారో చెబితే ఆ వివరం పక్కన చేరుస్తాను." ఆయన ఎవరో ఒక కుటుంబాన్ని గుట్టుగా ఆదుకుని ఉండవచ్చు, ఆ ఇంటి పరువు కోసం నోరు విప్పకుండా ఉండవచ్చు. అలాగైతే ఇద్దరు పెద్దలకు తెలిస్తే చాలు, ఆ పేరు సంఘమంతా వినక్కర్లేదు. సొంత అవసరానికే వాడి ఉంటే తిరిగి కట్టే గడువు పెద్దల ముందు పెట్టవచ్చు, అందులో సిగ్గుపడవలసినంత ఏమీ లేదు. ఆయన కోపంతో లేచిపోతే అప్పుడు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలి. ఈలోగా ఎవరితోనూ, చివరికి ప్రార్థన మనవిగా కూడా, ఈ సంగతి చెప్పవద్దు. మన మధ్య చాలా వదంతులు ప్రార్థన మనవి వేషంలోనే తిరుగుతుంటాయి.

మీ భార్యకు మాత్రం చెప్పండి. ఉత్తరమంతా వెతికాను, ఆ రెండు చీటీల సంగతి ఆమెకు తెలుసని ఎక్కడా లేదు. ఆమె మౌనాన్ని మీరు పరిచర్య మీద అయిష్టం అనుకుంటున్నారు. భర్త ఏడాదిగా ఏదో దాస్తున్నాడని తెలిసిన మనిషి మౌనం కూడా అలాగే ఉంటుంది. సమూయేలు దేశమంతా తిరిగి న్యాయం తీర్చాడు గాని కుమారులు లంచాలు పట్టారు. ఒకటి మరొకదానికి కారణమని బైబిలు అనదు, నేనూ అనను. కుమారులు దారి తప్పారన్న మాట ఇశ్రాయేలు పెద్దలే వచ్చి ఆయన ముఖాన చెప్పవలసి వచ్చింది, అంతే. మీకు భోజనాల దగ్గరే చెప్పే కూతురు ఉంది.

ఈ రాత్రి పెట్టె తెరిచి ఆ చీటీలు తీయండి. తేదీ, మొత్తం, తీసుకున్నవారి పేరు చిట్టాలో వాటి వాటి వరుసల్లో పెన్నుతో రాయండి. చీటీలు చింపకండి, పక్కనే పిన్ను పెట్టండి. పాస్టరుగారిని కలవడం ఆ తరువాత పెట్టుకోండి. ముందు కలిస్తే మళ్లీ తల ఊపి వచ్చేస్తారేమోనని నా భయం.